లోడు లెక్కలో ‘వన్ బై’: చెరువు గట్టు మీది ప్యానెల్‌కి ఎంసీబీ, కేబుల్, ఎర్తింగ్ లెక్క కట్టే పద్ధతి

ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మీద వైరింగ్ చేసే కుర్రాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే. "గురువుగారూ, ప్యానెల్ తలుపు లోపల మార్కర్‌తో 1.39, 1.25 అని రాస్తారు, అవేంటండీ?" అవన్నీ తిరగేసిన అంకెలు. బడిలో వ్యుత్క్రమం అన్నారు, పనిలో మేం ‘వన్ బై’ అంటాం. 0.8కి వన్ బై 1.25. సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో దీనికి ఒక బటన్ కూడా ఉంటుంది, ఎవరూ నొక్కరు.

దీంతో రెండు పనులు అవుతాయి. ఒకే అంకెతో పదేపదే భాగించాల్సిన చోట ఒక్కసారి తిరగేసి పెట్టుకుంటే ఆ తర్వాత అంతా గుణకారమే. ప్యారలల్‌గా కట్టిన వాటిని కలపాలంటే తిరగేయడం తప్ప దారి లేదు. కష్టం లెక్కలో లేదు. ఎక్కడ తిరగేయాలి, ఎక్కడ నేరుగా గుణించాలి అన్న దగ్గరే తప్పు జరుగుతుంది.

మొత్తం ఒకే ఉదాహరణతో చెప్తాను. ఒక గట్టు మీద 2 హెచ్‌పీ త్రీఫేజ్ ఏరియేటర్లు (చెరువు నీళ్లలో గాలి కలిపే రెక్కల మోటార్లు) 8, నీళ్లు తోడే 5 హెచ్‌పీ మోటారు 1, లైట్లకీ కాపలా షెడ్డుకీ కలిపి 1 కిలోవాట్ సింగిల్ ఫేజ్ లోడు ఉన్నాయి. 100 కేవీఏ (వెయ్యి ఓల్ట్-ఆంపియర్లు ఒక కేవీఏ) ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ప్యానెల్‌కి కేబుల్ దూరం 200 మీటర్లు.

1. లెక్కకి కూర్చునే ముందు

ఇవి చేతిలో లేకుండా మొదలుపెట్టకండి:

- ప్రతి మోటారు నేమ్‌ప్లేట్ ఫోటో: కిలోవాట్లు, ఆంపియర్లు, ఎఫిషియెన్సీ, పవర్ ఫ్యాక్టర్
- ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేట్ ఫోటో: కేవీఏ, పర్సెంట్ ఇంపెడెన్స్, అంటే కరెంటుకి అది లోపల పెట్టే అడ్డు (కింద నిలబడి జూమ్ చేసి తీయండి, గద్దె ఎక్కొద్దు)
- రాత్రి పూట అన్ని ఏరియేటర్లూ తిరుగుతుండగా కొలిచిన ఓల్టేజీ
- గట్టు మలుపుల వెంబడి టేపుతో కొలిచిన కేబుల్ పొడవు
- విడివిడిగా ఒక్కో ఎర్త్ పిట్ (ఎర్తింగ్ రాడ్ పాతిన గొయ్యి) రీడింగ్
- మీరు కొనబోయే కేబుల్ కంపెనీ పట్టిక
- మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు), ఎర్త్ టెస్టర్, క్లాంప్ మీటర్

ఓల్టేజీ పగలు కొలిస్తే మోసపోతాం. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది కాబట్టి చుట్టుపక్కల చెరువులన్నిటి ఏరియేటర్లూ ఆ వేళకే తిరుగుతాయి. లైను చివర ఉన్న చెరువుకి అప్పుడు 415 ఓల్టులు రావు. మన ఉదాహరణలో 360 వచ్చిందనుకుందాం.

ఇంకో మాట. లెక్క ఎవరైనా వేయొచ్చు. మెయిన్ ముట్టుకునేది మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే, అదీ సప్లై ఆపి, తాళం వేసి, టెస్టర్‌తో చూసుకున్నాకే.

2. తిరగేసిన అంకెల పట్టీ రాసుకోండి

ఒక అట్టముక్క మీద ఇవి రాసి టూల్ బ్యాగ్‌లో పెట్టుకోండి.

- సింగిల్ ఫేజ్ 230 ఓల్టులు: 1000/230 = 4.35. ఒక్కో కేవీఏకి 4.35 ఆంపియర్లు.
- త్రీఫేజ్ 415 ఓల్టులు: 1000/(1.732 × 415) = 1.39. ఒక్కో కేవీఏకి 1.39 ఆంపియర్లు.
- త్రీఫేజ్ 360 ఓల్టులు: 1000/(1.732 × 360) = 1.60.
- 0.80కి 1.25
- 0.82కి 1.22
- 0.85కి 1.18
- 0.90కి 1.11

సరిచూసుకోవడం తేలిక. అసలు అంకెనీ తిరగేసిన అంకెనీ గుణిస్తే 1 రావాలి, లేదా 1కి చాలా దగ్గరగా రావాలి. 0.85 × 1.18 = 1.003. సరే. 1.1 వచ్చిందంటే ఎక్కడో తప్పు నొక్కారు.

లోడు లెక్కలో పైకి సవరించండి. ట్రిప్ అవడానికి కరెంటు చాలుతుందా అని చూసేటప్పుడు కిందికి సవరించండి.

3. లోడు కరెంటు

నేమ్‌ప్లేట్ మీద ఉండే కిలోవాట్లు షాఫ్టు దగ్గర మోటారు ఇచ్చే పని. లైను నుంచి అది లాగేది అంతకన్నా ఎక్కువ. ఎఫిషియెన్సీని (లాగిన పవర్‌లో పనిగా మారే వంతు) తిరగేసి ఒకసారి, పవర్ ఫ్యాక్టర్‌ని (కేవీఏలో కిలోవాట్ల వంతు) తిరగేసి ఇంకోసారి గుణించాలి.

2 హెచ్‌పీ ఏరియేటర్ అంటే 1.5 కిలోవాట్లు. ఎఫిషియెన్సీ 0.80, పవర్ ఫ్యాక్టర్ 0.80 అని ఉంది.

1.5 × 1.25 × 1.25 = 2.34 కేవీఏ
2.34 × 1.39 = 3.26 ఆంపియర్లు

నేమ్‌ప్లేట్ మీది ఆంపియర్లు దీనికి దగ్గర్లో ఉండాలి. బాగా తేడా వస్తే నేమ్‌ప్లేట్‌నే నమ్మండి. రీవైండింగ్ అయిన మోటారైతే దాన్ని కూడా నమ్మకుండా క్లాంప్ మీటర్ పెట్టండి.

5 హెచ్‌పీ మోటారు (3.7 కిలోవాట్లు, ఎఫిషియెన్సీ 0.85, పవర్ ఫ్యాక్టర్ 0.82): 3.7 × 1.18 × 1.22 = 5.33 కేవీఏ. 1.39తో గుణిస్తే 7.4 ఆంపియర్లు.

మొత్తం మోటార్లు: 8 × 2.34 + 5.33 = 24.05 కేవీఏ. 415 దగ్గర 33.4 ఆంపియర్లు. లైట్లు, షెడ్డు పడే ఫేజు మీద ఇంకో 4.35 కలుస్తుంది. కాబట్టి ఆ ఫేజులో సుమారు 38.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు పవర్ ఫ్యాక్టర్లకి సగటు తీయడం. మోటార్లకి 0.8, బల్బులకి 1, అంటే 0.9 అనుకుంటారు. 19 కిలోవాట్లకీ 1 కిలోవాట్‌కీ సమాన ఓటు ఇచ్చినట్టు అది. ఒక్కో లోడునీ విడిగా కేవీఏలోకి మార్చి అప్పుడు కలపండి. కొంచెం ఎక్కువ వస్తుంది, వచ్చినా నష్టం లేదు.

4. రాత్రి ఓల్టేజీతో మళ్లీ ఒకసారి

ఓల్టేజీ తగ్గితే ఫిలమెంట్ బల్బు మసకబారి కరెంటు తక్కువ లాగుతుంది. మోటారు అలా కాదు. రెక్కలు తిప్పాల్సిన నీళ్లు అవే కాబట్టి కరెంటు ఎక్కువ లాగుతుంది. అందుకే 1.39 తీసేసి 1.60 పెట్టాలి.

24.05 × 1.60 = 38.5 ఆంపియర్లు. లైట్లతో కలిపి 43.

పగటి లెక్కకీ రాత్రి లెక్కకీ 5 ఆంపియర్లు తేడా. ఇక్కడి నుంచి 43తోనే నడుద్దాం.

5. మెయిన్ ఎంసీబీ

ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడి సప్లై ఆపే స్విచ్) మీద ఉండే రేటింగ్ 30 డిగ్రీల వేడి దగ్గర పెట్టింది. మే నెలలో గట్టు మీద ఇనుప డబ్బా లోపల ఎంత ఉంటుందో చెయ్యి పెడితే తెలుస్తుంది. గంటల తరబడి నడిచే లోడుకి నేను ఎంసీబీని 80 శాతం దాటనివ్వను. 0.8కి వన్ బై 1.25 కదా.

43 × 1.25 = 53.75

పై సైజు 63 ఆంపియర్లు. ఒక్కో ఏరియేటర్‌కి విడిగా 10 ఆంపియర్ల సీ టైపు ఎంసీబీ, నేమ్‌ప్లేట్ ఆంపియర్లకి సెట్ చేసిన ఓవర్‌లోడ్ రిలే, ఫేజు పోతే ఆపే రక్షణ పెట్టండి. ఎంసీబీ కేబుల్‌ని కాపాడుతుంది, మోటారుని కాపాడేది రిలే.

పాత బోర్డుల్లో ఇంకా తీగ చుట్టే ఫ్యూజులే ఉంటే కేబుల్‌ని మరింత లావు తీసుకోవాలి. ఆ తీగ తొందరగా కరగదు కాబట్టి కేబుల్ సామర్థ్యాన్ని 0.725కి కుదిస్తారు. దాని వన్ బై 1.38. ఎంసీబీకి మారడమే చవక.

6. కేబుల్ సైజు: ఎక్కువమంది ఇక్కడే బోల్తా పడతారు

నేనూ పడ్డాను. అందుకే ఈ భాగం కాస్త సాగదీస్తాను.

కేబుల్ పట్టికలో రాసిన ఆంపియర్లు పట్టిక చెప్పిన వేడికి, ఒంటరిగా పరిచిన కేబుల్‌కి వర్తిస్తాయి. వేడి ఎక్కువైతే ఒక తగ్గింపు, నాలుగైదు కేబుళ్లు ఒకే పైపులో కట్టగా వెళ్తే ఇంకో తగ్గింపు. మన గట్టుకి పట్టిక ప్రకారం వేడికి 0.9, కట్టకి 0.8 వచ్చాయనుకోండి.

0.9 × 0.8 = 0.72
0.72కి వన్ బై 1.39

(ఇదీ 1.39 లాగానే వచ్చింది గానీ త్రీఫేజ్ 1.39తో దీనికి చుట్టరికం ఏమీ లేదు. అట్టముక్క మీద అంకె పక్కన అదేమిటో కూడా రాసుకోమనేది ఇందుకే.)

63 × 1.39 = 87.6

పట్టికలో 87.6 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న సైజు వెతకాలి. నేను వాడే పట్టికలో అది 50 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం.

నేను చేసిందేమిటంటే, కొత్తలో ఒక చెరువు దగ్గర హడావుడిలో 63ని నేరుగా 0.72తో గుణించాను. 45 వచ్చింది. "50 ఆంపియర్ల కేబుల్ చాలు" అని రాసిచ్చాను. అది నిజానికి మోసేది 50 × 0.72, అంటే 36. రాత్రి లోడు 43. మూడో వారం నడిరాత్రి కాపలా మనిషి ఫోన్ చేసి, "ప్యానెల్ దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసనొస్తోందండీ" అన్నాడు. వెళ్లి చూస్తే కేబుల్ ప్యానెల్‌లోకి దూరే గ్లాండ్ దగ్గర పీవీసీ మెత్తబడి జిగురులా సాగుతోంది, తీగ కొసన బిగించిన లగ్ నీలం రంగు తిరిగింది. ఎంసీబీ మాత్రం ఆన్‌లోనే ఉంది. ఉండదా మరి, దానికి 43 అంటే లెక్కే లేదు. ఆ రాత్రి సగం ఏరియేటర్లు ఆపి తెల్లారేదాకా రైతు పక్కనే గట్టు మీద కూర్చున్నాను. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ తర్వాత పెట్టుకున్న గుర్తు ఇది:

- ఎంత మోయాలో తెలుసు, పట్టికలో ఏ అంకె వెతకాలో తెలియాలి: తిరగేసి గుణించు, జవాబు పెరగాలి.
- కేబుల్ ముందే ఉంది, అది ఎంత మోస్తుందో తెలియాలి: నేరుగా గుణించు, జవాబు తగ్గాలి.

జవాబు పెరగాల్సిన చోట తగ్గిందంటే పెన్ను కింద పెట్టి మళ్లీ చూడండి.

7. షార్ట్ అయితే ఎంసీబీ వెంటనే పడుతుందా?

ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. 100 కేవీఏ, 433 ఓల్టులకి ఫుల్ లోడు కరెంటు 133 ఆంపియర్లు. నేమ్‌ప్లేట్ మీద ఇంపెడెన్స్ 4.5 శాతం ఉందనుకుందాం. 4.5 శాతాన్ని తిరగేస్తే 22.2 రెట్లు. 133 × 22.2, అంటే సుమారు 2,950 ఆంపియర్లు. ఎంసీబీ తెంచగలిగే సామర్థ్యం దీనికన్నా పైన ఉండాలి. 10 కిలోఆంపియర్లదైతే ఆలోచించక్కర్లేదు.

ప్యానెల్ దగ్గర సమస్య తిరగబడుతుంది. కరెంటు ఎక్కువవుతుందన్న భయం పోయి, చాలదేమోనన్న భయం వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్, ఫేజు తీగ, న్యూట్రల్ తీగ ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి, అంటే సిరీస్. సిరీస్‌లో ఓమ్‌లని నేరుగా కలిపి, చివర ఒక్కసారే తిరగేయాలి. విడివిడిగా తిరగేసి కలిపితే కరెంటు లేనిపోనంత ఎక్కువ కనిపిస్తుంది.

- ట్రాన్స్‌ఫార్మర్: 250/2950 = 0.085 ఓమ్‌లు
- 50 చదరపు మి.మీ. అల్యూమినియం కిలోమీటరుకి 0.641 ఓమ్‌లు. 200 మీటర్లు పోను, రాను కలిపి 0.256. వేడెక్కిన తీగ కాబట్టి 20 శాతం కలిపి 0.308
- మొత్తం 0.393 ఓమ్‌లు. వన్ బై 2.54
- 230 × 2.54 = 584 ఆంపియర్లు

సీ టైపు ఎంసీబీ రేటింగ్‌కి 5 నుంచి 10 రెట్ల మధ్య ఎక్కడో తక్షణం పడుతుంది. ఖాయంగా పడాలంటే 10 రెట్లు, అంటే 630 కావాలి. మనకున్నది 584. పడొచ్చు, పడకపోవచ్చు.

దారులు మూడు. ఒకటి, 70 చదరపు మి.మీ. కేబుల్. రెండు, బీ టైపు ఎంసీబీ (3 నుంచి 5 రెట్లు, 315 చాలు). కానీ కరెంటు పోయి వచ్చినప్పుడు 9 మోటార్లూ ఒకేసారి లేస్తే, ఆరు రెట్ల స్టార్టింగ్ కరెంటు లెక్కన 200 దాటుతుంది. బీ టైపు 189 దగ్గరే పడే వీలుంది. అందుకని టైమర్లతో ఒకదాని తర్వాత ఒకటి లేపాలి. మూడు, తక్షణ ట్రిప్ తగ్గించి పెట్టుకునే వీలున్న ఎంసీసీబీ (ఎంసీబీ లాంటిదే, పెద్ద రకం). నేనైతే టైమర్లు ఎలాగూ పెడతాను కాబట్టి రెండో దారి పడతాను.

సగం సైజు న్యూట్రల్ ఉండే మూడున్నర కోర్ కేబుల్ వేస్తే ఈ లెక్క ఇంకా దిగజారుతుంది. న్యూట్రల్ ఓమ్‌లు విడిగా తీసుకోండి.

చిన్న ఎంసీబీలకి నోటి లెక్క: సీ టైపుకి 23ని, బీ టైపుకి 46ని రేటింగ్‌తో భాగిస్తే లూప్ (కరెంటు పోయి తిరిగొచ్చే మొత్తం దారి) ఎన్ని ఓమ్‌ల దాకా ఉండొచ్చో వస్తుంది. 10 ఆంపియర్ల సీ టైపుకి 2.3 ఓమ్‌లు.

8. ఎర్త్ పిట్లు: తిరగేసి కలపండి, ఆ తర్వాత ఆర్‌సీసీబీ పెట్టండి

మూడు పిట్లు విడివిడిగా 4, 6, 12 ఓమ్‌లు చూపించాయి.

1/4 + 1/6 + 1/12 = 0.25 + 0.167 + 0.083 = 0.5
0.5కి వన్ బై 2 ఓమ్‌లు

జవాబు అన్నిటికన్నా చిన్న పిట్ కన్నా, అంటే 4 కన్నా తక్కువ ఉండాలి. 22 వస్తే కూడేశారు, 7.3 వస్తే సగటు తీశారు. పిట్ల మధ్య దూరం రాడ్ పొడవుకి రెండింతలైనా ఉండాలి. పక్కపక్కనే పాతితే కాగితం మీద 2 వచ్చినా నేలలో రాదు. కొలిచేటప్పుడు పిట్లని ఒకదాన్నుంచి ఒకటి విప్పి కొలవండి.

2 ఓమ్‌లు చూసి రైతు సంతోషపడతాడు, "ఎర్తింగ్ బాగుందండీ, ఇంక భయం లేదు" అంటాడు. భయం ఉంది. మోటారు బాడీకి ఫేజు తగిలిందనుకోండి. కరెంటు మన పిట్ల గుండా నేలలోకి దిగి ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ ద్వారా వెనక్కి వెళ్లాలి. అక్కడ ఇంకో 2 ఓమ్‌లు ఉంటే మొత్తం 4. వన్ బై 0.25. 230 × 0.25 = 57.5 ఆంపియర్లు.

63 ఆంపియర్ల మెయిన్‌కి 57.5 అంటే మామూలు లోడే. ఆ ఏరియేటర్‌కి విడిగా చిన్న ఎంసీబీ లేకపోతే సప్లై ఆగదు. ఈలోగా మోటారు బాడీ మీద 57.5 × 2 = 115 ఓల్టులు. కింద ఉప్పునీళ్లు, అందులో మేత చల్లుతూ మనిషి. గట్టు మీద షాక్ కొట్టే ప్రమాదాల వెనక నేను చూసిన లెక్క చాలాసార్లు ఇదే.

అందుకని ఆర్‌సీసీబీ (వెళ్లిన కరెంటు మొత్తం తిరిగి రాక కొంత నేలలోకి కారితే సప్లై ఆపే స్విచ్) తప్పనిసరి. 30 మిల్లీఆంపియర్లదైతే, తడి చోట 25 ఓల్టుల హద్దుకి 25/0.03 = 833 ఓమ్‌ల ఎర్త్ ఉన్నా పడుతుంది. 2 ఓమ్‌లతో ఎంసీబీ చేయలేని పని ఇది చేస్తుంది.

అయితే ఎనిమిది ఏరియేటర్లకీ కలిపి ఒకే 30 మిల్లీఆంపియర్లది పెడితే మంచు పడే తెల్లవారుజామున ఊరికే పడుతుంది. కారే కరెంటు దాని రేటింగ్‌లో సగం, అంటే 15 మిల్లీఆంపియర్లు దాటినప్పటి నుంచీ అది పడొచ్చు. ఎనిమిది వాటాలు వేస్తే ఒక్కోదానికి 1.9 మాత్రమే. నాలుగుసార్లు పడ్డాక రైతు విసిగి లింకు తీగ వేసి దాటేస్తాడు. ఆ పరిస్థితి రానివ్వకండి. ఒకటి రెండు మోటార్లకి ఒక 30 మిల్లీఆంపియర్లది, మెయిన్‌లో ఆలస్యంగా పడే 300ది పెట్టండి. ఫోర్ పోల్ రకంలో న్యూట్రల్ కట్టకుండా వదిలేస్తే కొన్ని మోడళ్లలో టెస్ట్ బటన్ పనిచేయదు, అది కూడా చూసుకోండి.

9. మెగ్గర్ రీడింగ్‌ని తిరగేసి దొంగని పట్టడం

మొత్తం ప్యానెల్ ఒకేసారి కొలిస్తే 0.25 మెగాఓమ్‌లు వచ్చిందని కేబుళ్లన్నీ మార్పించిన వాళ్లున్నారు. ఎనిమిది సర్క్యూట్లు ఒక్కోటి 2 మెగాఓమ్‌లు ఉన్నా ప్యారలల్‌లో వచ్చేది 0.25నే. తీగలు శుభ్రంగా ఉన్నట్టే.

అసలు దొంగ ఉంటే ఇలా పట్టాలి. ముందు ఆర్‌సీసీబీలు, టైమర్లు విప్పి పక్కన పెట్టండి, 500 ఓల్టుల దెబ్బకి అవి పోతాయి.

1. మొత్తం రీడింగ్ 0.4. వన్ బై 2.5 అని రాయండి.
2. మొదటి సర్క్యూట్ విప్పండి. రీడింగ్ 0.417. వన్ బై 2.4. తేడా 0.1, అంటే ఆ సర్క్యూట్ 10 మెగాఓమ్‌లు. మంచిదే.
3. మొదటిది విప్పే ఉంచి, అయిదోది కూడా విప్పండి. రీడింగ్ 1.67కి ఎగిరింది. వన్ బై 0.6. తేడా 1.8. తిరగేస్తే 0.56 మెగాఓమ్‌లు. దొరికింది.

రీడింగ్‌ల తేడా చూడకండి, వన్ బైల తేడా చూడండి. మా దగ్గర ఈ దొంగ ఎక్కువసార్లు నీటి మట్టం దగ్గర టేపు చుట్టిన జాయింటులోనే ఉంటుంది.

10. జనరేటర్ మీద

24.05 కేవీఏకి 1 కలిపి 25, 80 శాతం లోడుకి 1.25తో గుణిస్తే 31.3. మోటార్లు టైమర్లతో లేస్తాయి కాబట్టి 40 కేవీఏ సరిపోతుంది. అయితే షార్ట్ అయినప్పుడు చిన్న జనరేటర్ ట్రాన్స్‌ఫార్మర్ అంత కరెంటు తోయలేదు. 7వ అంచెలో పడిన ఎంసీబీ జనరేటర్ మీద తక్షణం పడకపోవచ్చు. జనరేటర్‌తో వచ్చిన బ్రేకర్‌ని తీసేసి పెద్దది పెట్టకండి. జనరేటర్ న్యూట్రల్‌ని ఎర్త్ చేయకపోతే ఆర్‌సీసీబీ కూడా ఊరుకుంటుంది.

11. సప్లై ఇచ్చే ముందు చివరి చెకింగ్

- కేబుల్ లెక్కలో జవాబు పెరిగిందా?
- పిట్ల జవాబు అన్నిటికన్నా చిన్న పిట్ కన్నా తక్కువ ఉందా?
- సిరీస్‌లో ఓమ్‌లు కలిపాకే తిరగేశామా?
- రాత్రి ఓల్టేజీ వాడామా?
- 2 హెచ్‌పీని 2 కిలోవాట్లు అనుకోలేదు కదా?
- లోడు మీద అరగంట నడిచాక మూడు ఫేజుల క్లాంప్ రీడింగ్ 43 లోపు ఉందా? లగ్గులు వేడెక్కలేదు కదా?
- ప్రతి ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ లైను మీద ఒకసారి, జనరేటర్ మీద ఒకసారి నొక్కామా?
- అట్టముక్క మీది అంకెలు, పిట్ల రీడింగులు, తేదీ ప్యానెల్ తలుపు లోపల మార్కర్‌తో రాశామా?